సైకాలజీ ‘రీసెర్చ్ ఇంటర్న్‌షిప్’ అంటూ డబ్బు కట్టించుకుంటున్నారు, ఆ ఫారం ఎవరితోనూ నింపించకండి

డిగ్రీలో సైకాలజీ చదివేవాళ్లందరి వాట్సాప్‌కీ ఈపాటికి ఆ పోస్టర్ వచ్చే ఉంటుంది. నెల రోజుల ఆన్‌లైన్ ‘క్లినికల్ అండ్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్’, 2,499 రూపాయలు, ఆఫర్ లెటర్, సర్టిఫికెట్, రికమెండేషన్ లెటర్‌కి వేరే రేటు. పేరు రాయను. రేపు పేరు మార్చుకుని మళ్లీ వస్తారు, పద్ధతి మాత్రం ఇదే ఉంటుంది. డబ్బు ఎవరిదో సొంత యూపీఐకి వెళ్తుంది, రసీదు ఇవ్వరు. క్లాసులంటే ఎప్పుడో రికార్డు చేసిన వీడియోలు. డిప్రెషన్ మీద పోస్టర్ చేయడం, సినిమా పాత్రకు కేస్ హిస్టరీ రాయడం, వాళ్ల పేజీని నలుగురికీ షేర్ చేయడం, ఇవే టాస్కులు. ఇంతటితో ఆగి ఉంటే డబ్బు పోయిందనుకుని ఈ పోస్టు రాసేదాన్ని కాదు.

‘రీసెర్చ్ మాడ్యూల్’ అని ఒక గూగుల్ ఫారం ఇచ్చి, ఒక్కొక్కరూ యాభై మందితో నింపించాలన్నారు. అందులో డిప్రెషన్ ఎంత ఉందో అంచనా వేసే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9 మొత్తం పెట్టారు. పేరు, ఫోన్ నంబరు, కాలేజీ నింపితే తప్ప ఫారం ముందుకు కదలదు. సమ్మతి తీసుకునే పేజీ లేదు, పరిశోధన ఎవరిదో లేదు, పరిశోధన వల్ల మనుషులకు హాని జరగకుండా ముందే పరిశీలించే ఎథిక్స్ కమిటీ ఆమోదం సంగతే లేదు. పైగా జవాబుల షీటు బ్యాచ్‌లో ప్రతి ఇంటర్న్‌కీ తెరుచుకుంటుంది. ఎవరి స్నేహితుల జవాబులైనా పేర్లతో సహా ఎవరైనా చదవొచ్చు.

పీహెచ్‌క్యూ-9లో గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం గరిష్ఠంగా 27. తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండుననే, తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏ జవాబు వచ్చినా, మొత్తం స్కోరు ఎంత తక్కువైనా సరే, శిక్షణ ఉన్న మనిషి ఆ వ్యక్తితో వెంటనే మాట్లాడాలి. ఆ ఏర్పాటు లేనప్పుడు ఆ ప్రశ్నను ఆన్‌లైన్ సర్వేలో అడగకూడదు. అందుకే చాలా మంది పరిశోధకులు దాన్ని తీసేసి ఎనిమిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-8 వాడతారు.

బ్యాచ్‌లో ఒకమ్మాయి రూమ్‌మేట్ ఆ ప్రశ్నకు 3 పెట్టింది. అంటే దాదాపు ప్రతిరోజూ. ఆ అమ్మాయి భయపడి గ్రూపులో అడిగింది: “మేడమ్, నైన్త్ క్వశ్చన్‌కి త్రీ పెట్టింది. ఇప్పుడేం చేయాలి?” వచ్చిన జవాబు ఇది: “అది నీకు అనవసరం. షీట్ రాత్రి పన్నెండులోపు పూర్తి చెయ్యి, లేకపోతే సర్టిఫికెట్ రాదు.” అసలు మన సూపర్‌వైజర్ ఎవరు, ఆర్‌సీఐ (క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నంబరు ఎంత అని ఇంకొకరు అడిగారు. ఇద్దరినీ గ్రూపులోంచి తీసేశారు. ఒక మనిషి చావు గురించి ఆలోచిస్తోందని తెలిశాక షీటు నింపమన్నవాళ్లు సైకాలజీ నేర్పుతున్నారట! రాస్తుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

ఇది రీసెర్చ్ కాదు. మనుషులపై చేసే ఏ అధ్యయనానికైనా డేటా సేకరణ మొదలుపెట్టకముందే ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉండాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. తర్వాత తెచ్చుకుంటాం అంటే కుదరదు. పద్దెనిమిది నిండనివాళ్ల దగ్గర తల్లిదండ్రుల సమ్మతి కూడా కావాలి. మన ఫస్టియర్‌లో పదిహేడేళ్లవాళ్లు ఎంతమంది లేరు? ఇంత చేసి చివర్లో ‘పేపర్‌లో మీ పేరు వేస్తాం’ అని మళ్లీ డబ్బు అడుగుతారు, మొదటి పేరుకు ఒక రేటు, మూడో పేరుకు ఒక రేటు. ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు ఉందని మురిసిపోకండి, అది పత్రికకు గుర్తింపు సంఖ్య మాత్రమే, నాణ్యతతో సంబంధం లేదు. ‘యూజీసీ కేర్ జర్నల్’ అన్నా నమ్మకండి, అది యూజీసీ గుర్తించిన పత్రికల జాబితా, దాన్ని యూజీసీయే 2025లో నిలిపేసింది.

పోస్టర్ అడుగున ఉండే ముద్రలు కూడా అంతే. ఎంఎస్ఎంఈ అంటే చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, సొంతంగా వివరాలిచ్చి ఉచితంగా తీసుకునేది. ఐఎస్ఓ 9001 సంస్థ నిర్వహణ పద్ధతులకు ఇచ్చేది. నీతి ఆయోగ్ దర్పణ్‌లో ఎన్జీవోలు తమ వివరాలు నమోదు చేసుకుంటాయి, అంతకు మించి ఏమీ లేదు. ఈ మూడింటిలో ఏదీ సైకాలజీ నేర్పే అర్హతను చూడదు. క్లినికల్ సైకాలజిస్ట్‌నని చెప్పుకునేవారి పేరు, నంబరు ఆర్‌సీఐ రిజిస్టర్‌లో వెతకొచ్చు, డబ్బు కట్టకముందే వెతకండి. ‘అసెస్‌మెంట్ కిట్’ పేరుతో వెక్స్‌లర్ తెలివితేటల పరీక్షలు, రోర్షాక్ సిరా మరకల కార్డుల పీడీఎఫ్‌లు పంచుతున్నారంటే అక్కడితో ఆగిపోండి. ఆ బొమ్మలు, ప్రశ్నలు బయటికొస్తే రేపు అసలు రోగి దగ్గర ఆ పరీక్ష పనికిరాదు.

నిజమైన ఇంటర్న్‌షిప్ ఇంత సులువుగా దొరకదు, అందుకే వీళ్ల వ్యాపారం నడుస్తోంది. ఆసుపత్రిలో అయితే మీ కాలేజీ సైకాలజీ హెచ్‌ఓడీ (విభాగాధిపతి) లెటర్‌తో సూపరింటెండెంట్‌కి దరఖాస్తు పెట్టాలి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి అయినా విశాఖ మానసిక ఆసుపత్రి అయినా ముందు అడగాల్సింది డిగ్రీవాళ్లను తీసుకుంటారా అని, ఎందుకంటే చాలాచోట్ల పీజీ వాళ్లకే అవకాశం. తీసుకున్నా డిగ్రీ స్థాయిలో మన పని పక్కన కూర్చుని చూడటమే. కేస్ హిస్టరీ ఎలా అడుగుతున్నారో, మెంటల్ స్టేటస్ పరీక్ష (రోగి ప్రస్తుత మానసిక స్థితి పరిశీలన) ఎలా రాస్తున్నారో చూసి లాగ్‌బుక్‌లో గంటలతో సహా రాసుకుని సూపర్‌వైజర్ సంతకం తీసుకోవాలి. ఎవరైనా మొదటి నెలలోనే ‘క్లయింట్లను ఇస్తాం’ అంటే పారిపోండి. అసలైన సంస్థ కూడా ఫీజు అడగవచ్చు, కానీ అది సంస్థ ఖాతాకు వెళ్తుంది, రసీదు వస్తుంది.

రీసెర్చ్ అనుభవానికి ఒక్క రూపాయి అక్కర్లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీ, న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రాలున్నాయి, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది, ఆంధ్రా, ఎస్వీ యూనివర్సిటీల్లో సైకాలజీ విభాగాలున్నాయి. ఒక ప్రొఫెసర్ పేపర్ ఒకటి పూర్తిగా చదివి, అందులో మీకు అర్థం కాని ఒక విషయాన్ని ప్రస్తావిస్తూ పది లైన్ల మెయిల్ రాయండి. వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరో, ఏం చేయగలరో చెప్పండి. ఎక్సెల్‌లో డేటా శుభ్రం చేయడం, రివర్స్ స్కోరింగ్ ప్రశ్నల (వ్యతిరేకార్థంలో అడిగినవి) మార్కులను తిప్పడం, జమోవీ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో టీ-టెస్ట్ (రెండు గుంపుల సగటులను పోల్చడం) చేయడం వస్తే చాలు, జమోవీ ఉచితమే. ఇక మన దగ్గర ఉన్న పెద్ద ఆస్తి తెలుగు. తెలుగువాళ్లపై అధ్యయనానికి ఇంగ్లీషు స్కేల్‌ను (ప్రశ్నావళిని) ఒకరు తెలుగులోకి తేవాలి, మూల ఇంగ్లీషు ప్రతిని చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి, రెండూ పోల్చాలి. ఇంటర్వ్యూల ఆడియో విని రాసేవాళ్లూ కావాలి, గంట ఆడియోకి నాలుగైదు గంటలు పడుతుంది. ఈ పనులకు మనిషి దొరక్క అధ్యయనాలు ఆగుతుంటాయి, అడగండి.

డబ్బు కట్టేసినవాళ్లు చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, గ్రూపులో డిసపియరింగ్ మెసేజెస్ ఉంటే ఈరోజే స్క్రీన్‌షాట్లు తీయండి. యూపీఐ లావాదేవీ నంబరుతో సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి గానీ, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి గానీ ఫిర్యాదు చేయండి.

ఆ ఫారం ఎవరితోనైనా నింపించి ఉంటే డబ్బు సంగతి తర్వాత. నింపినవాళ్లకు వాళ్ల వివరాలు ఎవరి దగ్గరున్నాయో చెప్పండి, తొలగించమని ఆ సంస్థకు రాతపూర్వకంగా రాయండి. తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాని జవాబు ఎవరిదైనా చూసి ఉంటే ఇవాళే వెళ్లి కలవండి, సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఒంటరిగా వదలకుండా పక్కన కూర్చుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి కలపండి, రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు.