రిమోట్ పాడైన రోజు దొరికిన పాట: ‘ది సౌండ్ ఆఫ్ జాజ్’ డివిడి, పదకొండేళ్ల తర్వాత

నల్లగొండలో మాది బ్యాండు మేళం. నేను క్లారినెట్ ఊదుతాను. అమెరికాలో ఉండే మా మేనల్లుడు ఇంటికొచ్చినప్పుడు ఈ డివిడి చేతిలో పెట్టి, "మామా, దీంట్ల చివర్ల రెండు క్లారినెట్లు ఉన్నయ్, నీకోసమే తెచ్చిన" అన్నాడు. 1957 డిసెంబర్ 8న అమెరికాలో సీబీఎస్ టీవీలో లైవ్‌గా వచ్చిన గంట జాజ్ సంగీత కార్యక్రమం ఇది.

మొదటి రోజు డిస్కు అసలు ఆడనే లేదు. డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే రీజియన్ నంబరు ఒకటి ఉంటుంది, అక్కడి డిస్కులకు 1, మన దేశానికి 5. గడియారం సెంటర్ దగ్గర అన్ని రీజియన్లూ ఆడే చవక ప్లేయర్ ఒకటి కొన్నాను. మా పాత డబ్బా టీవీలో మెనూ రంగు లేకుండా వచ్చింది, ఎందుకంటే అమెరికా డిస్కుల రంగు పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, ఆ టీవీకి తెలిసింది మన దగ్గరి ‘పాల్’ పద్ధతి ఒక్కటే. కార్యక్రమమే బ్లాక్ అండ్ వైట్ కాబట్టి నష్టం లేకపోయింది.

రెండేళ్లపాటు నేను చూసింది ఒక్క ముక్కే. డిస్కు పెట్టడం, రిమోట్‌తో దూకుతూ చివరికి వెళ్లడం, జిమ్మీ జఫ్రీ, పీ వీ రస్సెల్ ఇద్దరూ క్లారినెట్ మీద కలిసి ఊదే బ్లూస్ చూడటం. ఇద్దరూ మంద్రంలో, తొందర లేకుండా ఊదుతారు. పెళ్లి ఊరేగింపులో జనరేటర్ చప్పుడు మీద వినపడాలని మేమెప్పుడూ పైస్థాయిలోనే ఊదుతాం. క్లారినెట్ కింది స్వరాల్లో ఇంత నిండుదనం ఉందని ఆ ఇద్దరిని చూశాకే నాకు పట్టుబడింది. మధ్యలో ఒకావిడ పాడే నెమ్మది పాటను మాత్రం ప్రతిసారీ దాటేసేవాణ్ని. మాటలు అర్థం కావు, పైగా అది పాట, నాకు కావలసింది వాద్యం.

ఒక ఆషాఢంలో, పెళ్లిళ్లు లేక ఇంట్లో ఉన్నప్పుడు, రిమోట్ పనిచేయలేదు. సెల్స్ మార్చినా లాభం లేదు. ప్లేయర్ మీదున్న బటన్ ఆడించడానికి, ఆపడానికే. చేసేదిలేక మొదటినుంచీ చూస్తూ కూర్చున్నాను.

ఆ పాట పేరు ‘ఫైన్ అండ్ మెలో’. పాడేది బిల్లీ హాలిడే. స్టూలు మీద కూర్చుని ఉంటుంది, చుట్టూ వాయించేవాళ్లు నిలబడి ఉంటారు. ఆమె ఒక చరణం పాడగానే బెన్ వెబ్‌స్టర్ శాక్సోఫోన్ ఎత్తుతాడు. గాలి కూడా వినిపించే లావు నాదం. తర్వాత ఇంకో శాక్సోఫోన్‌తో లెస్టర్ యంగ్ ముందుకొస్తాడు. మనిషి బాగా నలిగిపోయి ఉన్నాడు, చూస్తేనే తెలుస్తుంది. ఊదింది పన్నెండు బార్లే (బార్ అంటే మన తాళంలో ఒక ఆవర్తం లాంటిది), నిమిషం కూడా ఉండదు. ఎన్ని తక్కువ స్వరాలో! ఒకటి ఊది ఆగుతాడు, ఆ ఖాళీని అలాగే ఉండనిస్తాడు, తర్వాతే ఇంకోటి. అప్పుడు కెమెరా ఆమె ముఖం మీదికి వెళ్తుంది. కనుబొమలు పైకి లేస్తాయి, తల మెల్లగా ఊగుతుంది, పెదవి మీద సన్నని నవ్వు. అతను తర్వాత ఏం ఊదబోతున్నాడో ఆమెకు ముందే తెలిసినట్టు ఉంటుంది.

ఆ తర్వాత మేనల్లుణ్ని ఫోన్‌లో అడిగితే చెప్పాడు. ఇద్దరూ ఇరవై ఏళ్ల నాటి స్నేహితులట. ఆమెకు ‘లేడీ డే’ అని పేరు పెట్టింది అతనే. అతన్ని ‘ప్రెజ్’ అన్నది ఆమె. అప్పటికి అతని వయసు 48, ఆమెకు 42. 1959 మార్చిలో అతను పోయాడు, అదే ఏడు జూలైలో ఆమె. అవి తెలిశాక చూస్తే గొంతు పట్టేసింది. నాకు క్లారినెట్ నేర్పిన మాస్టర్ ఆఖరి రోజుల్లో ఊపిరి అందక, ఊరేగింపులో ఆటో వెనక కూర్చుని వచ్చేవాడు. అమ్మాయి గడప దాటే వేళకు మాత్రం దిగి నిలబడి ఒక్క వరస ఊదేవాడు. మేమందరం ఆపి వినేవాళ్లం. మా ముఖాలు అప్పుడు ఎలా ఉండేవో తీసిన కెమెరా ఏదీ లేదు.

ఈ డిస్కులో నాకు నచ్చింది అదే. కెమెరా ఊదేవాడి వేళ్లనే కాదు, వినేవాడినీ చూపిస్తుంది. థెలోనియస్ మంక్ పియానో వాయిస్తుంటే ఎదురుగా ఇంకో పియానో వాద్యకారుడు కౌంట్ బేసీ కూర్చుని చూస్తూ ఉంటాడు. నేటి టీవీ పాటల పోటీల్లోనూ వినేవాళ్ల ముఖాలు చూపిస్తారు, కానీ వాళ్లకు కెమెరా ఉందని గుర్తుంటుంది.

బొమ్మ బాగుందని అప్పట్లో అందరికీ చెప్పాను. ఆ మాట డబ్బా టీవీకే సరిపోతుంది. లైవ్ ప్రసారాన్ని స్టూడియో తెర మీదినుంచి ఫిల్ముకెక్కించి దాచిన బొమ్మ ఇది, అందుకే కొంచెం మసక. ఇప్పుడున్న 43 అంగుళాల టీవీలో ఆ మసక ఇంకా పెద్దదైంది. సెట్టింగ్‌లో 4:3 పెట్టకపోతే ముఖాలు అడ్డంగా సాగిపోతాయి. బాస్ దాదాపు వినపడదు, హెడ్‌ఫోన్ పెట్టుకుంటే కొంత నయం. మా పిల్లలకు ఇదొక్కటి చూపిస్తే చాలు, ఊదడం వస్తుందని కూడా అన్నాను. చూపించాను. పది నిమిషాలకు ఇద్దరు లేచి వెళ్లారు, ఒకడు మాత్రం చివరిదాకా కూర్చున్నాడు. బలవంతం చేయలేదు.

ఒక జాగ్రత్త. ఇదే పేరుతో పాటల సీడీ కూడా ఉంది. అది ప్రసారానికి కొద్ది రోజుల ముందు విడిగా రికార్డ్ చేసింది, టీవీలో వచ్చిన శబ్దం కాదు. నేను చెప్పిన ఆ పన్నెండు బార్లు దాంట్లో అలా ఉండవు.

ఊదేవాళ్లకు, పాత ప్లేయర్ ఇంకా పనిచేస్తున్నవాళ్లకు కొనమనే చెప్తాను. ఇంగ్లిష్ మాటలు రాకపోయినా నాకు లోటనిపించలేదు, కానీ పాట సాహిత్యం ముఖ్యమనుకునేవాళ్ల సంగతి నేను చెప్పలేను. నా డిస్కు మీద ఇప్పటికి రెండు గీతలు పడ్డాయి, రెండూ అంచున, పాటకు దూరంగా. అడిగినవాళ్లకు బయటికి ఇవ్వడం మానేశాను. మూఢం రోజుల్లో మాకు పని ఉండదు, అప్పుడు ఇంటికే రమ్మంటున్నాను.