ఇంటి వర్క్‌షాపులో ఫేస్ షీల్డు: ఆరు నెలల వాడకం తరువాత

ఇంటి వెనుక రేకుల షెడ్డులో చిన్న లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే యంత్రం), నాలుగు అంగుళాల గ్రైండర్ పెట్టుకున్న నేను, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్న ఒక ఫేస్ షీల్డును ఆరు నెలలుగా వాడుతున్నాను. ధరకన్నా ముందు నేను వెతికింది పాలికార్బొనేట్ అనే గట్టి పారదర్శక ప్లాస్టిక్ పలకపై ఉండే, కంటి రక్షణకు సంబంధించిన యూరప్ ప్రమాణం ఈఎన్ 166 గుర్తును, దానితోపాటు ఉండే బి అక్షరాన్ని. 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండు సెకనుకు 120 మీటర్ల వేగంతో తగిలినా పలక తట్టుకోవాలన్నది ఆ అక్షరానికి అర్థం. నిమిషానికి 11,000 చుట్లు తిరిగే 100 మిల్లీమీటర్ల గ్రైండింగ్ చక్రం అంచు వేగమే సెకనుకు దాదాపు 58 మీటర్లు కనుక, చూపు కోసం పెట్టుకునే మామూలు కళ్లజోడు దాని ముందు ఏ మూలకూ సరిపోదు.

ఇత్తడిని లేత్‌పై కోసేటప్పుడు సూదుల్లా ఎగిరే రజను ముఖానికి తగలకుండా ఈ పలక చక్కగా ఆపుతోంది. అయితే గడ్డం కింది సందులోంచి రజను పైకి దూరుతుంది కాబట్టి, లోపల సేఫ్టీ కళ్లద్దాలు తప్పనిసరిగా ఉండాలి. వానాకాలంలో పలకకు ఆవిరి పడుతుంది. తలపట్టీ బిగింపు కూడా గంటకోసారి వదులవుతుంది, ఇది నిజంగా చిరాకు. షీల్డు ఉందన్న ధీమాతో ఒకనాడు చక్ కీని, అంటే లోహపు ముక్కను పట్టి ఉంచే చక్‌ను బిగించే తాళంచెవిని, చక్‌లోనే మరచి స్విచ్ వరకు చెయ్యి చాచాను. లేత్ తిరిగి ఉంటే ఆ కీ విసురుగా ఎగిరిపడేది. ఆ తప్పుకు ఏ పలకా అడ్డుపడదు. లేత్ దగ్గర చేతి తొడుగులు కూడా వేసుకోరాదు, తిరిగే చువ్వ వాటిని చేతితో సహా లాగేసుకుంటుంది.

పలకను సబ్బు నీటితో, మెత్తని గుడ్డతోనే తుడవాలి. అసిటోన్ తగిలితే పాలికార్బొనేట్ మసకబారి బీటలు వారుతుంది.