పాత టాటా ఏస్ కొని సొంతంగా బాగుచేసుకోవచ్చా: కొన్నేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

హయత్‌నగర్‌లోని మా చిన్న నర్సరీకి కుండీలు, ఎర్రమట్టి, మొక్కలు తోలుకోవడానికి మొదటి తరం టాటా ఏస్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొని, చాలావరకు మరమ్మతులు ఇంటి దగ్గరే చేసుకుంటూ కొన్నేళ్లుగా నడుపుతున్నాను. 2005లో మార్కెట్లోకి వచ్చి, మా హైదరాబాద్ నగరంలో ‘ఛోటా హాథీ’గా పేరు స్థిరపడిన చిన్న సరుకుల బండి ఇది. కొనేవారిలో ఎక్కువమంది ఇంజిన్ శబ్దం విని బేరం తేల్చేస్తారు. నా లెక్కలో ముందు చూడవలసినవి ఛాసిస్ (బండి బరువంతా మోసే ఇనుప చట్రం), కాగితాలు.

ఇంజిన్‌కు అంతగా భయపడనవసరం లేదు. 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ అది; సీటు ఎత్తితే చేతికందుతుంది. పానాల సెట్టు, గట్టి జాకీ, కాస్త ఓపిక ఉంటే ఆయిలు, ఫిల్టర్లు, బెల్టు, హీటర్ ప్లగ్గులు, బ్రేక్ లైనింగుల పని ఇంటి ముందే అయిపోతుంది. విడిభాగాలకు సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ బజారు ఉండనే ఉంది. డీజిల్ పంపు కాలిబ్రేషన్, డీజిల్ చిమ్మే నాజిళ్లు, హెడ్ ఫేసింగ్ (ఇంజిన్ పై భాగాన్ని చదును చేయడం) మాత్రం తగిన యంత్రాలున్న షాపులకే అప్పగించాలి.

చూడటానికి వెళ్లినప్పుడు స్టార్ట్ చేయకముందే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి, అది చల్లగా ఉందో లేదో గమనించండి; ముందే వేడెక్కించి ఉంచితే చల్లటి ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందో తెలియదు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ ఎగదన్నుతోందంటే పిస్టన్ రింగులైనా, సిలిండర్ బోరైనా అరిగినట్టే. అయినా అది డబ్బుతో తీరే లోటు, ధర తగ్గించమని అడగడానికి పనికొచ్చే లోటు. (తళతళలాడేలా కడిగిన ఇంజిన్‌ను చూస్తే నాకు అనుమానమే ఎక్కువ, ఆయిల్ ఎక్కడ కారుతోందో ఇక తెలియదు.)

ఛాసిస్ సంగతి వేరు. బండి కిందకు దూరి, వెనుక కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు) బిగించే బ్రాకెట్ల దగ్గర పేరుకున్న మట్టిని గీకి, స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నది మొద్దుగా పలికి, పెచ్చులుగా చేతిలోకి రాలుతుంది. అక్కడ పాత వెల్డింగ్ అతుకులు కనబడినా, ఛాసిస్ నంబరు చెరిగి ఆర్సీతో సరిపోల్చలేకపోయినా, ఎంత చవకగా ఇస్తామన్నా తిరిగి వచ్చేయడమే మేలు.

కాగితాల్లో యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, 30 మీద సంతకాలతో పాటు, బండి ఫైనాన్సులో కొన్నదైతే, ఆ అప్పు ఒప్పందం ముగిసిందని చెప్పే ఫారం 35 కూడా తీసుకోనిదే పూర్తి సొమ్ము ఇవ్వకండి. 8 ఏళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కనుక, లైట్లు, బ్రేకుల ఖర్చు కొన్న ఏడాదితో ఆగదు.

వాడకంలో నాకు ఎక్కువ ఖర్చు పెట్టించింది కమాను కట్టలే. వానాకాలంలో మట్టి తడిసి, ఎప్పటి ఎత్తుకే బండి తొట్టి నింపినా బరువు బాగా పెరిగేది. ఇప్పుడు తడిమట్టిని సగం తొట్టికి మించి పోయనివ్వను. ఇంజిన్ విప్పితే లేత్ పని ముగిసేదాకా బండి కదలదు. అటువంటప్పుడు మొక్కలు ఒకరోజు ఆలస్యంగా చేరినా మాకు గడుస్తుంది. పాలో, కూరగాయలో రోజూ తెల్లవారకముందే చేరవేయవలసిన వారు, అద్దె ట్రాలీకి డబ్బు పక్కన పెట్టుకోగలిగితేనే ఇటువంటి బండి కొనాలి.