మౌరిటానియా ఎడారికి సామాను సర్దుకోవడం: ఏది మేలు?

పశ్చిమాఫ్రికాలోని ఎడారి దేశం మౌరిటానియా అనగానే అందరి భయమూ ఎండ గురించే. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్ళేవారికి ఎండ పెద్ద చిక్కేమీ కాదు. పగలు 25 నుంచి 30 డిగ్రీలు, రాయలసీమలో సంక్రాంతి రోజుల్లా ఉంటుంది. సామాన్లను పాడుచేసేది ఇసుక. అదీ మన ఏటి ఇసుకలా కాదు, గోధుమపిండంత మెత్తగా ఉంటుంది. రెండో చిక్కు, పాడైనదానికి బదులు ఇంకోటి కొందామంటే కొట్టు ఉండదు. విస్తీర్ణంలో దేశం భారతదేశంలో దాదాపు మూడో వంతు, జనం అర కోటి. రాజధాని నువాక్షోట్ నుంచి అడ్రార్ ప్రాంతంలోని అటార్ దాకా తారురోడ్డుంది. అక్కడినుంచి ఎడారిలోని పాత ఊళ్ళు షింగెట్టి, వదాన్ వైపు మళ్ళాక కొట్లలో బియ్యం, చక్కెర, టీ, డబ్బా చేపలు, బిస్కెట్లు దొరికితే గొప్ప.

కాబట్టి ఏ రెండు వస్తువుల మధ్య తేల్చుకోవాలన్నా రెండే ప్రశ్నలు. ఇసుక పడ్డాక కూడా పనిచేస్తుందా? చెడితే అక్కడే సరిచేసుకోగలమా? కింది లెక్కలన్నీ ఒక మనిషికి, ఎనిమిది రోజులకి. డ్రైవరుతో అద్దె జీపు, సగం రాత్రులు ఆరుబయట పడక అనుకుని వేసినవి.

ట్రాలీనా, డఫెల్ బ్యాగా?

ట్రాలీ ఎయిర్‌పోర్టు గచ్చు మీదే సుఖం. దాని చిన్న చక్రాలు ఇసుకలో అడుగు కూడా కదలవు, పైగా ఇరుసులో ఇసుక దూరితే తిరుగు ప్రయాణంలో గచ్చు మీద కూడా కీచుమంటూ ఈడ్చుకురావాల్సిందే. గట్టి ప్లాస్టిక్ పెట్టెను జీపు పైన తాడేసి బిగిస్తే, గతుకులకు మూలల దగ్గర పగులుతుంది. 60 లీటర్ల మెత్తటి డఫెల్ అయితే ఎంత ఇరుకులోనైనా ఒదుగుతుంది. వీపుకు తగిలించుకునే పట్టీలు కూడా ఉంటే మరీ మంచిది. నిండా కుక్కినా 12 కిలోలు దాటనివ్వకండి.

డఫెల్‌కున్న బలహీనత జిప్పు. రెండో రోజుకే ఇసుక పట్టి మొరాయిస్తుంది. గట్టిగా లాగితే పళ్ళు విడిపోతాయి, ఇక అంతే. పొద్దునా సాయంత్రం పాత టూత్‌బ్రష్‌తో పళ్ళ మధ్య పొడిగా దులిపి, కొవ్వొత్తి ముక్కతో రెండు వైపులా రుద్దాలి. చేతిలో ఉంది కదా అని కొబ్బరినూనె రాసేరు! నూనెకు ఇసుక అతుక్కుని ముద్దకడుతుంది. బ్యాగు లోపల బట్టల్ని విడివిడిగా మందపాటి పాలిథిన్ కవర్లలో చుట్టి పెట్టండి. ఐదారు కవర్లు చాలు. ఖరీదైన ప్యాకింగ్ క్యూబులకు జల్లెడలాంటి మెష్ ఉంటుంది కనుక ఇసుకను ఆపలేవు.

తలకు: టోపీ, హౌలీ, మన పంచె

అంచున్న టోపీ నీడనిస్తుంది, కానీ సహారా నుంచి దుమ్ము మోసుకొచ్చే పొడిగాలి హర్మటాన్ లేచినప్పుడు ముక్కూ నోరూ చెవులూ మూసేది గుడ్డే. అక్కడి మగవాళ్ళు చుట్టుకునే హౌలీ మూడు నాలుగు మీటర్ల పల్చటి నూలుగుడ్డ. నువాక్షోట్ బజారులో కొనుక్కోవచ్చు. ముదురు నీలం రంగుది కొంటే మొదటి రెండు రోజులు నుదుటికి, మెడకు రంగు దిగుతుంది. ఒకసారి ఉతికి కట్టుకోండి.

కొనక్కర్లేని మార్గం మన ఇళ్ళల్లోనే ఉంది. ఎనిమిది మూరల పంచె అంటే సుమారు 3.6 మీటర్లు, సరిగ్గా హౌలీ పొడవే. పాతబడి మెత్తబడిన నూలు పంచె అయితే ఇంకా నయం. జరీ అంచుది వద్దు, బుగ్గల మీద గీసుకుంటుంది. పాలియెస్టర్ కలిసినదీ వద్దు, జారిపోతుంది, ఊపిరికి అడ్డుపడుతుంది. పొడవునా సగానికి మడవండి. అర మీటరు ఒక భుజం మీద వదిలేసి, తల మీదుగా తెచ్చి గడ్డం కింద నుంచి ఒక చుట్టు, ఆపై మిగిలినదంతా తలచుట్టూ చుట్టి కొస దోపండి. గాలి లేచినప్పుడు గడ్డం కింది చుట్టును ముక్కు మీదికి లాగితే సరి. రెండు మీటర్ల కండువా దీనికి చాలదు. ఆడవాళ్ళకు రెండున్నర మీటర్ల మల్‌మల్ చున్నీ బాగానే పనికొస్తుంది, షిఫాన్‌ది నిలవదు. టోపీ పెట్టుకున్నా మంచిదేగానీ, రెండింట్లో ఒకటే అంటే గుడ్డకే నా ఓటు.

కళ్ళకు కాంటాక్ట్ లెన్సులు వద్దు. కళ్ళజోడు, పక్కలు మూసుకుపోయే చలువద్దాలు, కంటి తడికి వేసుకునే చుక్కల సీసా ఒకటి.

నీళ్ళు: ఫిల్టరా, బిళ్ళలా?

అటార్‌లో లీటరున్నర సీసాల కట్టలు దొరుకుతాయి. తాగడానికి అవే ఆధారం. చలికాలంలో కూడా నడక ఉన్న రోజున మనిషికి నాలుగు లీటర్లు లెక్కేసుకోవాలి. గాలి పొడిగా ఉండడంతో చెమట పట్టినట్టే తెలియదు, దాహం వేసే సరికే ఒంట్లో నీరు తగ్గిపోయి ఉంటుంది. శుద్ధి అవసరమయ్యేది సీసాలు అయిపోయి బావి నీళ్ళు తాగాల్సి వచ్చినప్పుడే.

నీళ్ళసంచిని చేత్తో నొక్కి వాడే సన్నగొట్టాల ఫిల్టరు బ్యాక్టీరియాను ఆపుతుంది, వైరస్‌ను ఆపదు. మెత్తటి ఇసుక కలిసిన నీళ్ళు పోస్తే పది నిమిషాల్లో ధార సన్నబడుతుంది. వెనక్కి నీళ్ళు కొట్టి కడగాలంటే మళ్ళీ శుభ్రమైన నీళ్ళే కావాలి. తడిసిన ఫిల్టరు ఒక్కసారి గడ్డకడితే లోపలి గొట్టాలు చిట్లుతాయి, పైకి మాత్రం ఏమీ తెలియదు. క్లోరిన్ బిళ్ళలు అలా కాదు. అగ్గిపెట్టెంత చోటులో 30 బిళ్ళలు పడతాయి, చెడిపోయే భాగమంటూ ఏమీ లేదు. లీటరుకు ఎన్ని వేయాలన్నది అట్ట మీదే ఉంటుంది, వేశాక అరగంట ఆగాలి. నీళ్ళు మురికిగా ఉంటే ముందు నాలుగు మడతల గుడ్డలో వడకట్టి వేయండి. మురికే క్లోరిన్‌ను మింగేస్తుంది కనుక వడకట్టకుండా వేస్తే బిళ్ళ వృథా. ఈ ప్రయాణానికి బిళ్ళలే మేలు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి: బావి నీళ్ళు ఉప్పగా ఉంటే రెండూ ఏమీ చేయలేవు.

గొట్టం పెట్టుకుని పీల్చే నీళ్ళసంచి కొండలెక్కేవాళ్ళకు బాగుంటుందేమో, ఇక్కడ మాత్రం నోట్లో పెట్టుకునే కొస ఎప్పుడూ ఇసుకే. సంచికి చిల్లి పడితే మూడు లీటర్లూ ఒకేసారి పోతాయి. రెండు సీసాలుంటే ఒకటి పోయినా ఒకటి మిగులుతుంది.

ఓఆర్‌ఎస్ పది ప్యాకెట్లు తీసుకోండి. మన మందులషాపుల్లో లీటరుకు కలిపే పెద్ద ప్యాకెట్టు, 200 మిల్లీలీటర్లకు కలిపే చిన్నది రెండూ ఉంటాయి, ఒకటే రకం కొనండి. పెద్ద ప్యాకెట్టు గ్లాసు నీళ్ళలో కలిపి తాగడం ప్రమాదం. చిన్నది లీటరులో కలిపితే మందు పలచనైపోతుంది.

పడక

మజిలీల్లో పరుపు, బరువైన దుప్పట్లు ఇస్తారు. అక్కడికైతే కుట్టిన దుప్పటి సంచి ఒకటి చాలు. పాత నూలు దుప్పటిని మడిచి రెండు వైపులా కుట్టేస్తే అదే వస్తుంది. ఆరుబయట తెల్లవారుజామున పది డిగ్రీల కిందికి దిగుతుంది, దుప్పట్లు సరిపోవు. స్లీపింగ్ బ్యాగు కొనేటప్పుడు లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె చూసి మోసపోవద్దు. అది చాలాసార్లు ప్రాణం నిలిచే హద్దే, నిద్ర పట్టే హద్దు కాదు. ‘కంఫర్ట్’ అని రాసినచోట 5 డిగ్రీలుందా చూడండి. బాతు ఈకలదా, సింథటిక్‌దా అంటే, తడి భయం లేని ఊరు కాబట్టి ఈకలదే తేలిక, చిన్నగా మడతపడుతుంది. ధర ఎక్కువ, అద్దెకు దొరికితే కొనకండి.

కాళ్ళకు

ట్రెక్కింగ్ బూట్లు బరువు. నీరు చొరకుండా లోపల పొర వేసినవైతే పాదాలు ఉడుకుతాయి. మెష్ పైభాగమున్న రన్నింగ్ షూస్‌లోకి ఇసుక వల గుండా దూరి, వేళ్ళ కింద పేరుకుంటుంది. తోలు పైభాగమున్న తక్కువ ఎత్తు బూట్లు ఒక జత, పట్టీల చెప్పులు ఒక జత మేలు. తుమ్మ జాతి ముళ్ళు రబ్బరు హవాయి చెప్పుల్లోంచి నేరుగా దిగుతాయి. పొద్దున్నే బూట్లు బోర్లించి దులపకుండా కాలు పెట్టవద్దు, తేళ్ళుంటాయి.

కరెంటు

20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు, మడతపెట్టే సోలార్ పలక, జీపు సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చార్జరు. ఈ మూడింట్లో సోలార్ పలక చూడ్డానికి తెలివైన ఎంపికలా ఉంటుంది, పనిలో అన్నిటికన్నా వెనక. ఎండ బాగా ఉన్న వేళంతా మీరు జీపులో ఉంటారు, ఆగేసరికి సాయంత్రం. పలక పక్కనే పెట్టిన ఫోను ఎండకు వేడెక్కి చార్జింగు ఆపేస్తుంది. మూడొందల రూపాయల జీపు చార్జరు కదిలినంతసేపూ పనిచేస్తుంది. దానికి తోడు పవర్‌బ్యాంకు ఉంటే చాలు. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్లు, విమానాల 100 హద్దులోపే. చేతిసంచిలోనే పెట్టాలి, చెకిన్ బ్యాగులో పెట్టనివ్వరు. అందులో మూడో వంతు పైగా వేడిగా పోతుంది, ఐదు వేల ఎంఏహెచ్ ఫోనుకు రెండున్నర సార్లు వస్తుంది. మన సన్న రెండు పిన్నుల ఫోన్ చార్జరు అక్కడి సాకెట్లో పడుతుంది, మూడు పిన్నులది పట్టదు. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. అనుమతి లేకుండా తెస్తే కస్టమ్స్‌లోనే ఆగిపోతుంది. మద్యం కూడా అంతే, దేశమంతా నిషేధం.

డబ్బు, కాగితాలు

డాలర్లకంటే యూరోలు మేలు. రూపాయలు మారవు, నువాక్షోట్ దాటాక కార్డును నమ్ముకోవద్దు. నలగని 50 యూరోల నోట్లు పట్టుకెళ్ళండి. అక్కడి డబ్బు ఊగియా. 2018 జనవరిలో పది పాతవి ఒక కొత్తగా మార్చారు, కానీ బేరాల్లో ఇప్పటికీ పాత లెక్కే చెప్పేవాళ్ళున్నారు. వెయ్యి అంటే కొత్త నోట్లలో వందే కావచ్చు, ముందే అడిగి తేల్చుకోండి. మిగిలిన ఊగియాలు ఇంటికి తెచ్చుకోవడం కుదరదు, దేశం దాటించడం నేరం.

పాస్‌పోర్టు ఫోటో ఫోన్‌లో ఉంటే చాలదా? చాలదు. దారి పొడవునా జెండార్మ్ (అక్కడి సాయుధ పోలీసు) చెక్‌పోస్టుల్లో ‘ఫిష్’ అడుగుతారు. చేప కాదు, మీ వివరాల కాగితం. పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా ఒకే ఏ4 మీద వచ్చేలా జిరాక్స్ తీసి, కింద వృత్తి, ఊరు, ప్రయాణ కారణం ఫ్రెంచిలో రాసి 30 కాపీలు తీసుకెళ్ళండి. ఇచ్చినవాళ్ళను రెండు నిమిషాల్లో పంపేస్తారు, లేనివాళ్ళ వివరాలు పుస్తకంలో చేత్తో రాసుకునేదాకా జీపు నిలబడాల్సిందే.

ఎల్లో ఫీవర్ టీకా పసుపు కార్డు తిరుగు ప్రయాణానికి ముఖ్యం. మౌరిటానియా నుంచి ఇండియాలో దిగేవాళ్ళ దగ్గర అది లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, విశాఖలో పోర్టు ఆరోగ్య కార్యాలయంలో వేస్తారు. ఒకసారి వేయించుకుంటే కార్డు జీవితాంతం చెల్లుతుంది.

తిండి: పొడా, పచ్చడా?

శాకాహారులకు అక్కడ అన్నం, రొట్టె, ఖర్జూరం ఖాయంగా దొరుకుతాయి. కూర మాత్రం చాలాసార్లు ఒంటె మాంసమో చేపో ఉడికిన గిన్నెలోదే. ఆవకాయ తీసుకెళ్ళాలని ప్రాణం లాగుతుంది, కానీ విమానంలో గాలి ఒత్తిడి మారి, జీపులో వేడెక్కి నూనె ఎలాగో ఒకలా బయటికొస్తుంది. ఇసుక ఉన్న చోట నూనె మరక అంటే ఏమిటో జిప్పు దగ్గరే చెప్పుకున్నాం. కంది పొడి, నువ్వుల పొడి మేలు. పూటకు 20 గ్రాముల చొప్పున పదహారు పూటలకు 320 గ్రాములు. ఉప్పు సగమే వేసి కొట్టించండి, దాహం తగ్గుతుంది. స్టీలు డబ్బా మూత కింద పాలిథిన్ ముక్క పెట్టి బిగించండి. అర కిలో అటుకులు పెడితే కాసిని వేడినీళ్ళతో ఉదయం గడిచిపోతుంది. కడగాల్సిన గిన్నె ఎంత తక్కువైతే అంత మంచిది. పాలో పెరుగో నీళ్ళు, చక్కెర కలిపిన ‘జ్రిగ్’ అతిథికి ఇస్తారు. తియ్యటి మజ్జిగ అనుకుని తాగవచ్చు.

ఇస్తాంబుల్‌లోనో కాసాబ్లాంకాలోనో విమానం మారేటప్పుడు చెకిన్ బ్యాగు వెనకబడితే, అది మిమ్మల్ని వెతుక్కుంటూ ఎడారిలోకి రాదు. అందుకే పంచె, బిళ్ళలు, మందులు, కళ్ళజోడు, కాగితాలు, యూరోలు, ఒక జత బట్టలు చేతిసంచిలో పెట్టుకోండి. తోలు బూట్లు కాళ్ళకే ఉండాలి.