సెకండ్ హ్యాండ్ ఆర్‌వీ కొంటున్నారా? ముందు ప్లగ్గు పీకించండి

పాత ఆర్‌వీ, అంటే లోపలే పడక, వంటగది ఉండే ప్రయాణాల బండి, కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మేం నలుగురు స్నేహితులం డబ్బులు వేసుకుని ఒకటి కొన్నాం. ఎలా బోల్తాపడ్డామో మొదటి ట్రిప్పులోనే తెలిసొచ్చింది. అమ్మినతని పేరు రాయను. అతనొక్కడి గురించే అయితే ఇంత రాయక్కర్లేదు, అదే పద్ధతిలో అమ్మేవాళ్ళు ఇంకా ఉంటారు కాబట్టి ఆ పద్ధతి చెబుతాను.

బండి చూడ్డానికి వెళ్ళిన రోజు అన్నీ బ్రహ్మాండంగా పనిచేశాయి. లైట్లు వెలిగాయి, ఏసీ చల్లగా వచ్చింది, కుళాయి తిప్పగానే నీళ్ళు ధారగా పడ్డాయి. ఫ్రిజ్ తెరిస్తే లోపల గడ్డకట్టిన ఐస్ ట్రే కూడా ఉంది. బండి పక్కనుంచి లావుపాటి నల్ల కేబుల్ ఒకటి అతని గ్యారేజీ గోడ దాకా వెళ్ళింది. దాన్ని దాటుకుంటూ నలుగురం అటూ ఇటూ తిరిగాం. ఒకసారి కాలికి తగిలి నేను పడబోయాను కూడా. అది తీసేస్తే ఏమవుతుందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆర్‌వీలో రెండు రకాల కరెంటు ఉంటుంది. ఏసీ, మైక్రోవేవ్ లాంటివి బయటి ప్లగ్గు మీదో జనరేటర్ మీదో నడుస్తాయి. లైట్లు, నీళ్ళ పంపు, హీటర్ ఫ్యాను, గ్యాస్ అలారం మాత్రం 12 వోల్టుల మీద. ఆ 12 వోల్టులు ఇవ్వడానికి ఇంజిన్ బ్యాటరీ కాకుండా వేరే బ్యాటరీలు ఉంటాయి. బండి ప్లగ్గులో ఉన్నంతసేపూ, బయటి కరెంటుని మార్చే కన్వర్టర్ ఒకటి లోపలుండి అదే ఆ 12 వోల్టులు అందిస్తుంది. అంటే బ్యాటరీలు చచ్చి ఏడాదయినా మీకు తెలీదు. పైన పటారం, లోన లొటారం.

మా మొదటి ట్రిప్పు ఒక స్నేహితుడి 40వ పుట్టినరోజు కోసం. ట్రెక్ మొదలయ్యే చోటికి దగ్గరగా ఉంటుందని ప్లగ్గు సదుపాయం లేని క్యాంప్‌గ్రౌండ్ ఎంచుకున్నాం. సాయంత్రం చేరాం, కుర్చీలు వేసుకున్నాం, పాటలు పెట్టుకున్నాం. రెండు గంటలు గడిచేసరికి లైట్లు పసుపుపచ్చగా మారాయి. తర్వాత నీళ్ళ పంపు మూలిగి ఆగిపోయింది. చలి పెరిగిందని హీటర్ వేస్తే టిక్కుమని ఊరుకుంది. గ్యాస్ సిలిండర్ నిండుగా ఉంది, దీనికేం రోగం అనుకున్నాను. మంట గ్యాస్‌దే అయినా ఫ్యాను తిరగాలంటే 12 వోల్టులు ఉండాలని అప్పుడే తెలిసింది. మా ఫ్రిజ్ కూడా అంతే. గ్యాస్ మీద నడుస్తుంది, కానీ దాని కంట్రోల్ బోర్డుకి బ్యాటరీ కావాలి. కేకు మీద క్రీము జారిపోయింది. కొవ్వొత్తులు ఆర్పొద్దురా, ఉన్న వెలుగు అదొక్కటేనని పుట్టినరోజువాడిని బతిమాలుకున్నాం.

ఇంతవరకూ నవ్వుకుంటూ చెప్పుకోవచ్చు.

మర్నాడు 12 కిలోమీటర్లు నడిచి, ఒళ్ళు హూనమై తిరిగొచ్చాం. చలిగా ఉందని కిటికీలన్నీ మూసి జనరేటర్ ఆన్ చేశాం. గంట గడిచేసరికి ఇద్దరికి తలనొప్పి, ఒకరికి కడుపులో తిప్పడం. ఎండలో నడిచాం, నీళ్ళు సరిగా తాగలేదు, అందుకే అనుకున్నాం. పక్క సైటులో ఉన్న పెద్దాయన వచ్చి తలుపు కొట్టకపోతే అలాగే పడుకునేవాళ్ళం. మీ జనరేటర్ పొగ వెనకున్న గట్టుకి తగిలి మళ్ళీ మీ బండి కిందికే వస్తోంది, ముందు ఆపి అందరూ బయటికి రండి అన్నాడు. వచ్చాం. బయట గాలిలో కూర్చున్నాక తలనొప్పి తగ్గింది. డాక్టర్‌కి చూపించుకోకపోవడం మా ఇంకో తెలివితక్కువతనం.

జనరేటర్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగుండదు, వాసనుండదు. తలనొప్పి, వికారం, నీరసం దాని లక్షణాలు. కొండెక్కి దిగినవాడికీ అవే ఉంటాయి. అందుకే మాకు అనుమానం రాలేదు.

మరి దాన్ని పసిగట్టాల్సిన గ్యాస్ అలారం ఎందుకు మోగలేదు? కొనే రోజు దాని టెస్ట్ బటన్ నేనే నొక్కాను. గట్టిగానే అరిచింది. ఆ బటన్ బజరూ సర్క్యూటూ పనిచేస్తున్నాయో లేదో చెబుతుందే కానీ, సెన్సర్ గ్యాస్‌ని పసిగట్టగలదో లేదో చెప్పదు. ఇంటికొచ్చాక స్క్రూలు విప్పి వెనక చూస్తే దాని గడువు తీరి 4 ఏళ్ళయింది. ఈ అలారాలకి కాలపరిమితి ఉంటుంది, తేదీ దాని మీదే ముద్రించి ఉంటుంది. తర్వాత మెకానిక్‌కి చూపిస్తే జనరేటర్ పొగ గొట్టం కూడా జాయింటు దగ్గర వదులైందన్నాడు.

ఆ మెకానిక్కే టైర్లూ చూపించాడు. గీతలు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయని మేం మురిసిపోయాం. ఏడాదిలో పదకొండు నెలలు నిలబడే ఉండే బండికి గీతలు ఎందుకు అరుగుతాయి! టైరు పక్కన డీఓటీ అన్న అక్షరాలతో మొదలయ్యే కోడ్ ఉంటే, దాని చివరి నాలుగంకెలు చూడండి. 2314 అని ఉంటే 2014లో 23వ వారంలో తయారైందని అర్థం. అయిదేళ్ళు దాటాక ఏటా పరీక్ష చేయించాలని, పదేళ్ళు దాటితే గీతలెంత బాగున్నా తీసేయాలని టైర్ల కంపెనీలే చెబుతాయి. మావి పదేళ్ళు దాటేశాయి. ఆ టైర్ల మీద ఘాట్ రోడ్డు ఎక్కి దిగాం.

అమ్మినతనికి ఫోన్ చేస్తే, మీరు చూసినప్పుడు అన్నీ పనిచేశాయి కదా అన్నాడు. ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నామని రాసిన కాగితం మీద నలుగురం సంతకాలు పెట్టాం కాబట్టి ఇంకేం మాట్లాడలేకపోయాం. నిజం చెప్పాలంటే అతను ఒక్క అబద్ధమూ ఆడలేదు. ప్లగ్గు తియ్యలేదు, అంతే.

కాబట్టి మీరు వెళ్ళేముందు రోజు రాత్రే ప్లగ్గు తీసేయమని అడగండి. కుదరదంటే ఎందుకు కుదరదో అడగండి. జనరేటర్, ఇంజిన్ కూడా ఆపి ఉండాలి, ఎందుకంటే ఇంజిన్ నడుస్తుంటే చాలా బండ్లలో ఈ బ్యాటరీలు ఛార్జ్ అవుతూనే ఉంటాయి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే మీటరులో సుమారు 12.6 వోల్టులు కనబడాలి, 12.1 దగ్గరుంటే సగమే ఉన్నట్టు. ప్లగ్గు తీసీతియ్యగానే కొలిస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కొన్ని గంటలు ఆగాలి. లిథియం బ్యాటరీలకి ఈ అంకెలు వర్తించవు. అసలు అంకెలకంటే పని చేయించి చూడ్డం మేలు. లైట్లన్నీ వేసి, కుళాయి తిప్పి, హీటర్ పెట్టి ఒక గంట లోపలే కూర్చోండి. అమ్మేవాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. గ్యాస్ మీద కూడా నడిచే ఫ్రిజ్ చల్లబడ్డానికి గంటలు పడుతుంది, అందుకే మీరు వచ్చేసరికే చల్లగా ఉంటే సంతోషపడకండి. అది ప్లగ్గు మీద చల్లబడిందా, గ్యాస్ మీదా అని అడిగి, మీ ముందే గ్యాస్‌కి మార్పించండి.

నీళ్ళు కారి మెత్తబడ్డాయేమో తెలియడానికి పైకప్పు మూలలు, కిటికీల కింద గోడ వేలితో నొక్కి చూడమని అందరూ చెబుతారు. మేమూ నొక్కాం. ఆ ఒక్క విషయంలో బండి బాగానే ఉంది.

ఇప్పుడు బ్యాటరీలు, టైర్లు, అలారం, పొగ గొట్టం అన్నీ మార్పించాం. ఆ ఖర్చు గురించి మా ఇళ్ళల్లో ఎవరూ ఎత్తట్లేదు, అదే పదివేలు. మొన్న అదే మనిషి ఇంకో బండి అమ్మకానికి పెట్టాడు. ఫోటోలు పెద్దవి చేసి చూశాను. మూడో ఫోటోలో, బండి పక్కనుంచి గోడ వైపు, అదే నల్ల కేబుల్.