శనివారం బండెక్కాలా, కంప్యూటర్ విప్పాలా: ఏది మేలు?

మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కొత్తగా చేరిన తెలుగు పిల్లలూ, బెంగళూరు మారతహళ్ళి చుట్టుపక్కల పీజీల్లో ఉండే మా ఊరి కుర్రాళ్ళూ ఈమధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు. "అన్నా, శని ఆదివారాలు ఫోన్ చూస్తూనే అయిపోతున్నాయి. ఏదో ఒకటి మొదలుపెడదామనుకుంటున్నా. నీలాగా బండి కొనుక్కోనా, ఇంట్లో సర్వర్ పెట్టుకోనా?" రెండు పిచ్చులూ నాకున్నాయి కాబట్టి నా దగ్గరికి వస్తారు. బండి మీద ఏడేళ్ళుగా తిరుగుతున్నాను, ఇంట్లో సర్వర్ పెట్టి నాలుగేళ్ళయింది. సర్వర్ అంటే రాత్రింబవళ్ళు ఆన్‌లో ఉండి, మన ఫోన్లకూ టాబ్లెట్లకూ ఫొటోలూ ఫైళ్ళూ అందించే కంప్యూటర్. టీ తాగుతూ ముక్కలు ముక్కలుగా చెప్పిన జవాబును ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందు ఖర్చు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 350 సీసీ కొత్త బండి బెంగళూరులో ఆన్‌రోడ్ రెండు లక్షలకు అటూ ఇటూ. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి కొంత నయం. కంప్యూటర్ వైపు చూస్తే పెద్ద ఖర్చు లేకుండానే మొదలుపెట్టొచ్చు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్‌లు ఇప్పుడు ఇంటింటా అటక మీద ఉన్నాయి. ఒక ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు) వేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కిస్తే అదే మీ మొదటి సర్వర్. కరెంటు గురించి భయపడక్కర్లేదు. పది వాట్లు తాగే చిన్న పెట్టెను రాత్రింబవళ్ళు ఆన్‌లో ఉంచినా నెలకు ఏడు యూనిట్ల చిల్లర. డబ్బు ఒక్కటే చూసుకునేవాళ్ళకు జవాబు ఇక్కడే దొరికింది. కానీ వారాంతం విలువ డబ్బులో తేలేది కాదని నా నమ్మకం, అందుకే ఇంకా రాస్తున్నాను.

కొత్తవాళ్ళెవరైనా మొదటి రైడ్ ఎటు అంటే నేను లేపాక్షి చెప్తాను. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరితే రింగ్ రోడ్డు ఖాళీగా ఉంటుంది. హెబ్బాళ దాటి 44వ నంబరు హైవే ఎక్కి దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం మీదుగా పోతుంటే ఎడమవైపు నంది కొండ కనిపిస్తుంది. డిసెంబర్, జనవరి నెలల్లో అక్కడ మంచు ఎంత దట్టంగా పడుతుందంటే, హెల్మెట్ అద్దాన్ని గ్లవ్ వెనకభాగంతో తుడుచుకుంటూ నలభై స్పీడులో పోవాలి. బాగేపల్లిలో టీకి ఆగండి. ఊరు కర్ణాటకదే, మాట మాత్రం తెలుగు. "ఇంకా ఇడ్లీ దిగలేదు, ఐదు నిమిషాలు కూచో నాయనా" అని హోటలామె అన్నప్పుడు, వారమంతా ఇంగ్లీషులో మాట్లాడిన నోటికి ప్రాణం లేచొస్తుంది. రాష్ట్రం బోర్డరు దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకు తిరిగితే ఇంకో పదిహేను కిలోమీటర్ల చిల్లరకు లేపాక్షి. ఊరు మొదట్లోనే ఒకే రాతిలో చెక్కిన నంది, ఆ తర్వాత వీరభద్రుడి గుడి, నేలకు పూర్తిగా ఆనని వేలాడే స్తంభం. ఎనిమిదికల్లా చేరితే రాతి మీద కాళ్ళు కాలకుండా మండపం కప్పు మీది విజయనగర కాలపు బొమ్మలు నిదానంగా చూడొచ్చు. మా ఇంటినుంచి పోను నూట ఇరవై, రాను నూట ఇరవై. బండి లీటరుకు ముప్పై అయిదు ఇస్తుంది కాబట్టి ఏడు లీటర్లు సరిపోతాయి. హైవే టోల్ బండికి లేదు.

కంప్యూటర్ పనిలోని ఆనందం వేరే రకం, దాన్ని నేను తక్కువ చెయ్యను. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో కొన్న సెకండ్ హ్యాండ్ మినీ పీసీ మా ఇంట్లో టీవీ వెనక ఉంటుంది. ఏదో ఆఫీసులో మూడు నాలుగేళ్ళు పనిచేసి బయటికొచ్చిన పెట్టె. మూత విప్పితే ఫ్యాను రెక్కల మీద బూడిదరంగు దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. బ్రష్షుతో దులిపి, ప్రాసెసర్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్టు ఎండిపోతే గీకి, బఠాణీగింజంత కొత్తది పెట్టి బిగించాను. ఆన్ చేస్తే అంతకుముందు గీమని అరిచిన ఫ్యాను చప్పుడు లేకుండా తిరిగింది. చేత్తో చేసిన పని కళ్ళముందు ఫలించడమంటే అదే.

దానిలో ఇమ్మిచ్ అనే ఫొటోల సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. మా నాన్న పోయాక ఆయన ఫోన్‌లోవి, పాత ఆల్బమ్‌లలోంచి స్కాన్ చేసినవి, పెదనాన్న వాళ్ళ దగ్గరున్నవి, అన్నీ కలిపి తొమ్మిది వేల పైచిలుకు ఫొటోలు అందులో పెట్టాను. మనుషుల ముఖాలు అదే గుర్తుపట్టి విడదీస్తుంది. మదనపల్లెలో అమ్మ తన టాబ్లెట్‌లో నాన్న ముఖం మీద నొక్కితే, పెళ్ళినాటి నుంచి మనవడిని ఎత్తుకున్న రోజు దాకా వరుసగా వస్తాయి. ఏడేళ్ళ రైడ్‌లు మా ఇంటికి ఇలాంటిదేమీ ఇవ్వలేదు. ఇంటిల్లిపాదికీ పనికొచ్చేది కావాలంటే కంప్యూటర్‌దే పైచేయి.

ఇంత చెప్పాక కూడా కొత్తవాళ్ళకు నేను మొదట బండే చెప్పడానికి కారణం ఒక్కటే. రైడ్‌కు ముగింపు ఉంటుంది.

వారమంతా మనం చేసే పనికి అది లేదు. ఒక టికెట్, అంటే మనకు అప్పజెప్పిన ఒక పని, మూస్తే ఇంకోటి తెరుచుకుంటుంది. ల్యాప్‌టాప్ మూసినా రిలీజ్ ఏమవుతుందోనన్న టెన్షన్ అన్నం తింటున్నప్పుడు కూడా వదలదు. రైడ్ అలా ఉండదు. పది దాటితే ఎండ ముదురుతుంది, పదకొండు దాటితే హెబ్బాళ దగ్గర ట్రాఫిక్ మొదలవుతుంది, ట్యాంకులో పెట్రోలు ఇంతే ఉంటుంది. ఇవన్నీ కలిసి మనల్ని ఇంటికి తోలుకొస్తాయి. సెల్లార్‌లో స్టాండు వేసి తాళం తిప్పేస్తే, వేడెక్కిన సైలెన్సర్ టిక్కు టిక్కుమంటూ చల్లారే చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు వింటూ గ్లవ్స్ తీసేటప్పుడు, ఈ వారంలో ఒక పని పూర్తిగా అయిపోయిందని ఒంటికే తెలుస్తుంది. మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటాను, మనసు కూడా ఇంట్లోనే ఉంటుంది.

కంప్యూటర్ దగ్గర "ఇంకో పది నిమిషాలు" అనేదానికి అంతు ఉండదు. పోయినేడు ఒక శనివారం రాత్రి ఎనిమిదికి కూర్చున్నాను. మినీ పీసీ కాకుండా, ప్రకటనలు ఆపే సాఫ్ట్‌వేర్ కోసం రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ ఒకటి వాడుతుంటాను. ఇంట్లోని ఫోన్లు, టీవీ అన్నీ ఏ సైట్ తెరవాలన్నా అడ్రసు దాన్నే అడుగుతాయి. దానికి అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయి, దాని సాఫ్ట్‌వేర్ అంతా ఉండే ఎస్‌డీ కార్డు పాడైంది, ఇంట్లో నెట్ ఆగిపోయింది. రౌటర్‌లో డీఎన్‌ఎస్ సెట్టింగ్, అంటే సైట్ల అడ్రసు ఎవర్ని అడగాలన్నది, మార్చి ఉంటే రెండు నిమిషాల్లో ఇంటికి నెట్ వచ్చేసేది, కార్డు సంగతి పొద్దున చూసుకునేవాణ్ణి. నేను అలా చెయ్యలేదు. కార్డునే బతికించాలని పట్టుబట్టాను. అమ్మ రోజూ తొమ్మిదికి పిల్లాడి టాబ్లెట్‌కు చేసే వీడియో కాల్ ఆ రోజు కలవలేదు. మా ఆవిడ రెండుసార్లు అన్నానికి పిలిచి, ప్లేటు మూతపెట్టి పడుకుంది. అంతా సరయ్యేసరికి ఒంటిగంటన్నర. మర్నాడు పొద్దున హార్స్‌లీ కొండకు పోవాల్సి ఉంది. నిద్రలేని కళ్ళతో హైవే ఎక్కడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే కాబట్టి మానేశాను. ఒక అప్‌డేట్ రెండు రోజుల్నీ తినేసింది. సోమవారం ఆఫీసులో కుర్చీలో కూర్చుంటే, అసలు లేచి వెళ్ళినట్టే అనిపించలేదు.

అందుకే ఇప్పుడు కంప్యూటర్ పనికి నేనే ముగింపు పెట్టుకుంటాను. చెయ్యాల్సింది ఒక్కటే కాగితం మీద రాస్తాను. మొదలుపెట్టే ముందు బ్యాకప్ తీస్తాను. అలారం మోగితే పని ఏ దశలో ఉన్నా పాత బ్యాకప్ ఎక్కించి లేస్తాను. ఆ రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు, కరెంటు పోయినా ఆగకుండా, ఒక చిన్న యూపీఎస్ కూడా పెట్టాను. ఈ కట్టుబాటు మీకు మొదటి రోజునుంచే అబ్బుతుందనుకుంటే సర్వర్‌తోనే మొదలుపెట్టండి, నాకు అభ్యంతరం లేదు.

బండికున్న ప్రమాదం కంప్యూటర్‌కు లేదు, ఇది దాచకూడని మాట. ఇంట్లో నెలల పిల్లలున్నవాళ్ళకు, నడుము నొప్పి ఉన్నవాళ్ళకు, బండి ఎక్కుతుంటే గుండె దడదడలాడేవాళ్ళకు నేను రైడ్ చెప్పను. చెప్పినవాళ్ళకు కూడా ముందు ఐఎస్‌ఐ మార్కున్న ఫుల్ ఫేస్ హెల్మెట్, ప్యాడ్‌లున్న జాకెట్, గ్లవ్స్, ఆ తర్వాతే బండి అంటాను. స్పోక్ చక్రాలున్న బండైతే ట్యూబ్ ఉందేమో చూసుకోండి. ట్యూబ్‌లెస్‌కు రోడ్డు పక్కన మనమే ప్లగ్ పెట్టుకోవచ్చు. ట్యూబ్ టైరైతే చక్రం విప్పాలి, ఆదివారం పొద్దున ఆరింటికి పంక్చర్ షాపు దొరకదు. మైసూరు వైపు పోతే 2023 ఆగస్టు 1 నుంచి ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన రోడ్డు మీదికి బండ్లను రానివ్వరు, సర్వీసు రోడ్డులోనే వెళ్ళాలి. చీకట్లో తిరిగి రావద్దు. పదిమంది గుంపుతో పోటీలు పడుతూ పోయేవాళ్ళ వెనక అసలే పోవద్దు.

మిగతావాటి గురించి కూడా అడుగుతారు. సైకిల్ మంచిదే, నంది కొండ ఎక్కితే ఒంట్లో దమ్మెంతుందో తేలిపోతుంది. ట్రెక్కింగ్‌కు ముందే ఆన్‌లైన్‌లో స్లాట్ పట్టుకోవాలి, అది దొరికేసరికి ఉత్సాహం చల్లారుతుంది. ఫొటోగ్రఫీని రైడ్‌తో కలిపేసుకోవచ్చు.

ఇద్దరు ముగ్గురు "రెండూ కుదరవా అన్నా?" అని కూడా అడిగారు. నాకు కుదిరింది ఇలా. విలువైన ఫైళ్ళు మూడు కాపీలుండాలి, రెండు రకాల డిస్కుల్లో ఉండాలి, ఒక కాపీ వేరే చోట ఉండాలి అని బ్యాకప్ తెలిసినవాళ్ళు చెప్పే లెక్క ఒకటుంది. నా వేరే చోటు అమ్మ ఇల్లు. మూడు నెలలకోసారి ఒక హార్డ్ డిస్కులోకి నాన్న ఫొటోలన్నీ ఎక్కించి, పాత టవల్‌లో చుట్టి, ట్యాంక్ బ్యాగులో పెట్టుకుంటాను. హొసకోటె, చింతామణి మీదుగా ఎనిమిదికల్లా మదనపల్లె. అమ్మ దోసెలు పోస్తుంటే, బీరువాలో పట్టుచీరల పక్కనున్న పాత డిస్కు తీసి, కొత్తది పెట్టి, ఎండ ముదరకముందే బయలుదేరతాను. ఈ శనివారం వాన లేకపోతే అదే పని.