తాళాలు తీసుకునే ముందు ఫ్లాట్ తనిఖీ: డబ్బుకు తగిన సేవేనా?

హైదరాబాద్‌లో కొత్త టవర్లు లేస్తున్న కొద్దీ ఇళ్ల తనిఖీ సంస్థలూ పెరిగాయి. బిల్డర్ తాళాలిచ్చే ముందు ఇద్దరు మనుషులు థర్మల్ కెమెరా, తేమ మీటరు, లేజర్ కొలత పరికరం పట్టుకుని వస్తారు. మూడు నాలుగు గంటలు ఇల్లంతా చూసి ఫొటోలతో లోపాల జాబితా ఇస్తారు. రుసుము చదరపు అడుగుల లెక్కన ఉంటుంది. జీవితకాలపు అప్పుతో కొనే ఇంటికి ఈ ఖర్చు పెట్టదగ్గదే. కానీ ఏం పరీక్షించాలో కొన్నవాళ్లే అడిగి చేయించుకోవాలి. లేకపోతే లప్పం గీతలు, తలుపు మరకల ఫొటోలతోనే రిపోర్టు నిండిపోతుంది.

అన్నిటికంటే ముందు చూడాల్సింది నీళ్లు. కొత్త ఇంట్లో బాత్‌రూములు ఎవరూ వాడి ఉండరు కాబట్టి గోడలన్నీ పొడిగానే కనిపిస్తాయి. థర్మల్ కెమెరా చూపేది ఉష్ణోగ్రతలో తేడానే తప్ప తేమను కాదు. ఎండిపోయి ఉన్న గోడ మీద దానికేమీ దొరకదు. అందుకే తనిఖీకి ముందు బాత్‌రూము నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు బయటికి పోయే రంధ్రం) మూసి, నేల మీద ఒక అంగుళం ఎత్తున నీళ్లు నింపి, కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు వదిలేయాలి. నీళ్ల మట్టం గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. తర్వాత కింది ఫ్లాట్ సీలింగు, బాత్‌రూముకు ఆనుకున్న పడకగది గోడ కెమెరాతో చూసి, అనుమానం వచ్చిన చోట తేమ మీటరుతో ఖాయం చేసుకోవాలి. ఈ సేవల్లో పెద్ద లోటు ఇక్కడే ఉంది. మామూలు ప్యాకేజీలో బకెట్ నీళ్లు పోసి వాలు చూడటంతో సరిపెడతారు. నీళ్లు ట్రాప్ వైపు పోతున్నాయంటే కింద వాటర్‌ప్రూఫింగ్ బాగుందని కాదు. నీళ్లు నిలిపే పరీక్ష చేస్తారా, కింది ఫ్లాట్ తెరిపించే బాధ్యత ఎవరిది అని బుకింగ్ అప్పుడే తేల్చుకోండి.

కిటికీల దగ్గరా ఇదే సంగతి. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేము కింది పట్టీలో నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలుంటాయి. పని ముగిసే హడావిడిలో సిమెంటో సిలికానో పడి అవి మూసుకుపోతాయి. వాన గాలికి పట్టీ నిండి నీళ్లు లోపలికి పొర్లుతాయి. బయటి నుంచి పైపుతో నీళ్లు కొట్టి చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

కరెంటు పనిలో ఈ సేవ బాగా ఉపయోగపడుతుంది. ప్రతి సాకెట్లో టెస్టరు పెట్టి ఎర్తింగ్ లేనివి, ఫేజు న్యూట్రల్ తారుమారైనవి పట్టుకుంటారు. డిస్ట్రిబ్యూషన్ బాక్స్ మూత కూడా తీయించండి. ఏసీ, గీజరు లైన్లకు సాధారణంగా 4 చదరపు మి.మీ. తీగ, 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్చు) వాడతారు. 2.5 తీగ లాగి 32 ఆంపియర్ల ఎంసీబీ పెడితే, ఎంసీబీ పడిపోయేలోగా తీగ వేడెక్కి కాలుతుంది. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) మీదుండే టెస్ట్ బటన్ నొక్కి ఊరుకోకూడదు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ పంపే పరికరంతో అది నిజంగా పడుతోందో లేదో చూడాలి.

టైల్స్‌ను కర్రతో తట్టి బోలు శబ్దం వచ్చినవాటికి టేపు అంటిస్తారు. విట్రిఫైడ్ టైలు నీటిని దాదాపు పీల్చుకోదు కాబట్టి మామూలు సిమెంటు మాలుకు గట్టిగా అంటుకోదు. అడ్హెసివ్ (టైల్ జిగురు) వాడని చోట బోలు ఎక్కువగా వస్తుంది. మూలన కొద్దిగా ఉంటే ఫర్వాలేదు. ద్వారబంధం దగ్గర, నడిచే దారిలో, టైలు మధ్యలో ఉంటే మార్పించాల్సిందే. అదే బ్యాచ్ టైల్స్ ఒక పెట్టె అదనంగా ఇప్పుడే అడిగి పెట్టుకోండి, తర్వాత ఆ రంగు దొరకదు.

పగుళ్ల విషయంలో రిపోర్టులు చాలావరకు 'క్రాక్' అని రాసి వదిలేస్తాయి. అది చాలదు. తేలిక ఇటుక గోడ కాంక్రీటు పిల్లరును కలిసే చోట నిలువుగా వచ్చే గీత ఆ జాయింటుది. అక్కడ మెష్ (పగుళ్లు రాకుండా పరిచే జాలీ) వేయకపోయినా, సరిగా వేయకపోయినా వస్తుంది. దాన్ని లప్పంతో కప్పితే మళ్లీ తేలుతుంది. గాడి కోసి, సీలెంట్ నింపి, మెష్ వేసి, ఆపైన రంగు వేయాలి. బీము మీదో పిల్లరు మీదో ఏటవాలుగా పగులు కనిపిస్తే మరమ్మతుకు ముందు స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించాలి. కాంక్రీటు బలం తేల్చడం ఈ తనిఖీ వల్ల కాదు.

కొలతలు తప్పకుండా తీయించండి, వార్డ్‌రోబులు బిగించక ముందే. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం కార్పెట్ ఏరియాలో, అంటే ఇంటి లోపల వాడుకోగల విస్తీర్ణంలో, లోపలి అడ్డుగోడలు కలుస్తాయి. బయటి గోడలు, పైపులు పోయే షాఫ్టులు, బాల్కనీలు కలవవు. బ్రోచర్లో 1,650 చదరపు అడుగులని ఉన్నా సరే, పోల్చాల్సింది సేల్ అగ్రిమెంటులో రాసిన కార్పెట్ ఏరియాతోనే. తగ్గితే ఆ మేరకు డబ్బు వడ్డీతో వెనక్కి ఇవ్వాలని రెరా నమూనా ఒప్పందం చెబుతుంది.

కాగితాలు మాత్రం ఈ సేవలోకి రావు, వాటిని విడిగా చూసుకోవాలి. ఓసీ (భవనంలో నివాసానికి మునిసిపల్ సంస్థ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) రానిదే ఇంట్లో చేరొద్దు. తెలంగాణలో భవన అనుమతి ఇచ్చేటప్పుడు 10 శాతం కట్టడాన్ని మునిసిపల్ సంస్థకు తనఖా పెట్టించుకుంటారు, ఓసీ ఇచ్చాకే విడుదల చేస్తారు. మీ ఫ్లాట్ ఆ తనఖాలో ఉందేమో ఈసీ (ఆస్తి మీద నమోదైన తనఖాలు, లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీసి చూడండి.

సమయం విషయంలో చాలామంది ఇబ్బంది పడతారు. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకుని, వారం ముందు తనిఖీ చేయిస్తారు. బాత్‌రూము టైల్స్ పగలగొట్టి వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ వేసి ఆరనివ్వాలంటే వారాలు పడుతుంది. బిల్డరుకూ ఆ సంగతి తెలుసు, అందుకే 'మీరు చేరండి సార్, మెల్లగా చేయిస్తాం' అంటాడు. ముహూర్తానికి నెలన్నర ముందే, చివరి వాయిదా కట్టక ముందే తనిఖీ ముగియాలి.

సంస్థను ఎంచుకునేటప్పుడు రెండో విడత తనిఖీ రుసుములోనే కలిసి ఉందా అని ముందుగా అడగండి. లేకపోతే వద్దనుకోండి. మరమ్మతు జరిగిందో పైపూత వేశారో తేల్చేది ఆ రెండో రాకే. బిల్డరు చూపించిన సంస్థను మాత్రం పెట్టుకోవద్దు. పది ఫ్లాట్ల చిన్న అపార్ట్‌మెంటయితే అనుభవమున్న మేస్త్రీ, ఎలక్ట్రీషియను కలిసి ఇందులో సగం పని చేసేస్తారు. పెద్ద టవర్లలో, ముఖ్యంగా విదేశాల్లో ఉండి కొన్నవాళ్లకు, ఈ సేవ లేకుండా తాళాలు తీసుకోమని చెప్పలేం.

రిపోర్టు వచ్చాక నీళ్లు, కరెంటు, కొలతల లోపాలు పైన, రంగు గీతలు అడుగున ఉండేలా జాబితా మార్చి రాయించి, బిల్డరుకు ఈమెయిల్లో పంపండి. పొజెషన్ తేదీ నుంచి 5 ఏళ్లలోపు బయటపడే నిర్మాణ, పనితనం లోపాలను చెప్పిన 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని రెరా చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. తేదీ ఉన్న ఫొటోలు అప్పుడు సాక్ష్యమవుతాయి. హ్యాండోవర్ లెటర్ మీద 'ఇల్లు సంతృప్తికరంగా ఉంది' అనే వాక్యం ఉంటే కొట్టేయించి, 'జతచేసిన లోపాల జాబితా పూర్తి చేయాలన్న షరతుతో తీసుకుంటున్నాను' అని రాసి సంతకం పెట్టండి. ఒక కాపీ మీద బిల్డరు ముద్ర వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి.